మద్యము మానిన పిమ్మట

త్రాగుడునుండి బయటపడి ఇతరులను బయటపడవేసినవారిలో బిల్ విల్సన్ పేరు సుప్రసిద్ధము. ఆయన మద్యమును విడిచిన కథను లోకము తరచుగా చెప్పుకొనును. విడిచిన పిమ్మట గడపిన 36 సంవత్సరముల కథ అంతకంటె తెలిసికొనదగినది.

విల్సన్ 1895 నవంబరు 26వ తేదీన అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున ఈస్ట్ డార్సెట్ అను చిన్న గ్రామములో జన్మించెను. తలిదండ్రులు విడిపోయి చెరియొక దిక్కునకు వెళ్లిపోగా, పిల్లవాడు మాతామహుని యింట పెరిగెను. విసరినవాని యొద్దకే తిరిగివచ్చు బూమరాంగును ఆస్ట్రేలియావారు తప్ప ఇతరులు చేయజాలరని తాత యొకనాడు అనెను. బాలుడు నెలల తరబడి కొయ్య చెక్కి, తుదకు అట్టిదానిని చేసి చూపెను. అందరిలో మొదటివాడు కానిచో తాను దేనికిని కొరగాననెడి భయమే ఆ పట్టుదలకు మూలమని ఎవరికిని తోచలేదు. ఇట్టి బాలురు ఉపాధ్యాయులకు క్రొత్తవారు కారు. 1912లో తాను ప్రేమించిన సహాధ్యాయిని శస్త్రచికిత్సానంతరము మరణింపగా విల్సన్ మనస్సు క్రుంగిపోయి చదువు చెడెను. అప్పటికి ఆయన మద్యము రుచి యెరుగడు.

1917లో సైనికోద్యోగియై యుండగా ఒక విందులో తొలిసారి త్రాగెను. నలుగురిలో నోరు విప్పనీయని బిడియము ఆ రాత్రి మాయమయ్యెను. 1918లో లోయిస్ బర్న్‌హామ్‌ను వివాహమాడి, యుద్ధానంతరము న్యూయార్కు షేర్ల వ్యాపారములో ధనము గడించెను. 1929 నాటి పతనముతో ధనము పోయినది గాని త్రాగుడు పోలేదు. భార్య దుకాణములో పనిచేసి సంసారము నీడ్చెను. టౌన్స్ ఆసుపత్రిలో డాక్టర్ సిల్క్‌వర్త్ ఇది దుర్గుణము కాదు, వ్యాధి యని ఆయనకు తెలియజెప్పెను. 1934 డిసెంబరులో నాలుగవసారి అచ్చట చేరినప్పుడు కలిగిన దైవానుభూతి తన్ను మార్చినదని ఆయన నమ్మెను. అది మొదలు మరణపర్యంతము మద్యము ముట్టలేదు.

తరువాతి మాసములలో ఆయన ఎందరో త్రాగుబోతులకు హితవు చెప్పెను. ఒక్కడును మానలేదు. అయినను చెప్పుచున్న తాను మాత్రము త్రాగకుండ నిలిచెను. ఈ విషయము 1935 మే నెలలో ఒహాయో రాష్ట్రమందలి ఆక్రన్ పట్టణమున ఆయనకు స్ఫురించెను. తలపెట్టిన వ్యాపారము చెడి, చేతిలో పైకము లేక, హోటలులో ఒంటరిగా తిరుగుచుండగా ఒక ప్రక్కనుండి మద్యశాల సందడి వినవచ్చెను. వేరొక ప్రక్క టెలిఫోను ఉండెను. తనవంటి మరియొక త్రాగుబోతు తనకు ఆ క్షణమున కావలెనని గ్రహించి, ఆయన చర్చిల పట్టికనుండి నంబరులు చూచి పిలువసాగెను. మరునాడు డాక్టర్ రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యుడు పదునైదు నిమిషములే యిత్తునని వచ్చి, రాత్రి ప్రొద్దుపోవువరకు కూర్చుండెను. విల్సన్ నీతులు చెప్పక తన గాథనే చెప్పెను. జూన్ 10న స్మిత్ కట్టకడపటిసారి త్రాగెను. ఆ దినమే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సంస్థకు జన్మదినము. 1939లో సంస్థ పేరిటనే దాని గ్రంథము వెలువడెను.

సంస్థ దేశమంతట వ్యాపించుచున్న దినములలోనే, 1944 నుండి సుమారు పదునొకండు సంవత్సరములు, విల్సన్‌ను విషాదము మరల ఆవరించెను. కొన్ని దినములు పడకనుండి లేవజాలకుండెను. ఆయన మనోవైద్యుల నాశ్రయించెను. వేలమందికి దారి చూపినవాడు తాను వైద్యుని యింటికి పోవుటయేమని అనుచరులలో కొందరు ఆక్షేపించిరి. నా దృష్టిలో త్రాగుడు మానుటకంటె, పేరు వచ్చిన పిమ్మట తన దౌర్బల్యమును ఒప్పుకొనుటయే ఎక్కువ ధైర్యము. 1958లో ఆయన ఒక వ్యాసమున తన వ్యాధికి కారణమును తానే విప్పిచెప్పెను. ఇతరుల మెప్పును, ఆదరమును ఊతకఱ్ఱగా చేసికొని, అది లభింపనప్పుడెల్ల కూలిపోవుచుంటినని ఆయన గుర్తించెను. బూమరాంగు చెక్కిన బాలుడు అరువది రెండేండ్ల వయస్సున తన్నుతాను ఎరిగెను. 1954లో యేల్ విశ్వవిద్యాలయము ఈయదలచిన గౌరవ పట్టమును ఆయన నిరాకరించుటలోని అంతరార్థమును మనము ఊహింపవచ్చును.

పొగాకును మాత్రము ఆయన సకాలములో జయింపలేదు. ఊపిరితిత్తులు పాడై, 1971 జనవరి 24న మయామీ నగరములో మరణించెను. ఆ దినము ఆ దంపతుల వివాహదినము. త్రాగుబోతుల కుటుంబములకై 1951లో ఆలనాన్ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన లోయిస్ 1988 వరకు జీవించి, ఆ సేవను కొనసాగించెను.