గడ్డి మొలకకు టోపీ పెట్టిన డార్విన్: మొక్కల హార్మోన్ల కథ

శంషాబాద్ చుట్టుపక్కల టమాటా, మిరప, పూలు వేసే రైతులు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడిగేది సీసాల గురించి. నాచు రసం అని ఒకటి, హార్మోన్ టానిక్ అని ఇంకొకటి కొట్టమంటున్నారట, కొట్టాలా వద్దా అని. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఒక పెద్దమనిషి గురించి చెప్పాలి. ఆయన చార్లెస్ డార్విన్.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లాండులోని ష్రూస్‌బరీలో పుట్టాడు. ఎనిమిదేళ్లకే తల్లి పోయింది. తండ్రి డాక్టరు. కొడుకునూ డాక్టరు చదువుకు పంపాడు. మత్తుమందు లేని రోజుల్లో చేసే ఆపరేషన్లు చూడలేక కుర్రవాడు ఆ చదువు మానేశాడు. 1831 చివర బీగిల్ అనే ఓడ ఎక్కి దాదాపు ఐదేళ్లు ప్రపంచం తిరిగాడు. 1839లో మేనమామ కూతురు ఎమ్మాను పెళ్లాడాడు. మేనరికం మన దగ్గరే ఉందనుకుంటాం గానీ అక్కడా ఉండేది. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. దగ్గరి సంబంధం వల్లేనేమో అన్న బెంగ ఆయన్ను వదల్లేదు. స్వపరాగ సంపర్కంతో వచ్చిన మొక్కలనూ, పరపరాగ సంపర్కంతో వచ్చినవాటినీ పక్కపక్కన పెంచి ఏళ్లతరబడి కొలిచి, 1876లో పుస్తకం రాశాడు.

1842 నుంచి చనిపోయేదాకా కెంట్ జిల్లాలోని డౌన్ అనే పల్లెలోనే ఉన్నాడు. ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే, రోజుకు కొన్ని గంటలే పనిచేయగలిగేవాడు. జీవపరిణామం మీద ఆయన పుస్తకం 1859లో వచ్చింది, దాని సంగతి అందరూ చెబుతారు. మనకు పనికొచ్చేది ముసలితనంలో కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి చేసిన పని.

కిటికీ దగ్గర పెట్టిన మొలక వెలుగువైపు వంగడం మీరూ చూసే ఉంటారు. ఎందుకు వంగుతుందని ఆయన అడిగాడు. ఒక రకం గడ్డి మొలకల కొనలకు తగరపు రేకుతో చిన్న టోపీలు పెట్టాడు. అవి వంగలేదు. గాజు టోపీ పెడితే వంగాయి. కొన ఒక్కటే బయటికి ఉండేలా మొలకను ఇసుకలో పూడిస్తే కింది భాగం వంగింది. అంటే వెలుగును పసిగట్టేది కొన, వంగేది దాని కింది భాగం. కొన నుంచి కిందికి ఏదో కబురు వెళుతోందని తేల్చి 1880లో పుస్తకం వేశారు. మరుసటి ఏడాది వానపాముల మీద ఇంకో పుస్తకం రాశాడు. 1882 ఏప్రిల్ 19న కన్నుమూశాడు.

ఆ కబురు ఒక పదార్థమని 1926 ప్రాంతంలో హాలండులో ఫ్రిట్స్ వెంట్ చూపించాడు. ఓట్ మొలకల కొనలు కోసి అగర్ ముక్కల మీద ఉంచి, ఆ ముక్కను కొన లేని మొలక మీద ఒక పక్కగా పెడితే మొలక రెండో పక్కకు వంగింది. అగర్ కూడా సముద్రపు నాచు నుంచి తీసేదే. ఆ పదార్థమే ఆక్సిన్, మొక్కల హార్మోన్.

ఇక నాచు. వేరు, కాండం లేని పచ్చనాచులోనూ ఆక్సిన్ వంటి హార్మోన్లు ఉంటాయి. క్లోరెల్లా అనే ఒంటికణం పచ్చనాచుకు ప్రయోగశాలలో ఆక్సిన్ అతి కొద్దిగా ఇస్తే కణాలు త్వరగా పెరుగుతాయి, మోతాదు మించితే అదే ఆక్సిన్ పెరుగుదలను ఆపేస్తుంది. మీ పంటా అంతే. అయితే మీ ఫారం పాండ్ నీళ్లు పచ్చబడేది హార్మోన్ వల్ల కాదు. పొలం నుంచి కొట్టుకొచ్చిన నత్రజని, భాస్వరం, పైన ఎండ దానికి కారణం. ఆ నాచు వడగట్టి పంటకు పోస్తే సీసా మందు అవ్వదు. మార్కెట్లో దొరికే నాచు రసం ఎక్కువగా సముద్రంలోని గోధుమ, ఎరుపు నాచులది. చెరువు నాచు డ్రిప్ ఫిల్టర్లో చేరితే మాత్రం తరచూ కడగాలి.

మోతాదు సంగతి. మిరపలో పూత రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్ (4.5 శాతం) కూడా ఆక్సిన్ రకమే. 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. చాలు, అంటే 16 లీటర్ల ట్యాంకుకు సుమారు 3.5 మి.లీ. మూతతో కొలిచి పోసేవాళ్లను చాలామందిని చూశాను. సిరంజి వాడండి. మొక్కజొన్నలో కలుపుకు కొట్టే 2,4-డి కూడా ఇదే కుటుంబం. అది కొట్టిన పంపుతో టమాటాకు మందు కొట్టిన ఒక రైతు తోటకు నేను వెళ్లేసరికి ఆకులన్నీ సన్నబడి మెలికలు తిరిగాయి. ఆ మడి మళ్లీ కోలుకోలేదు. 2,4-డికి వేరే పంపు పెట్టుకోండి. పక్కన మిరప, పత్తి, ద్రాక్ష ఉంటే గాలి వీచేటప్పుడు కొట్టొద్దు.

నాచు రసాల వంటి బయోస్టిమ్యులెంట్లను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. సీసా మీద ఏముందో, ఏ పంటకో, ఎంత మోతాదో రాసి లేకపోతే కొనొద్దు, బిల్లు అడగండి. కొన్నా ఎకరమంతా ఒకేసారి కొట్టొద్దు. నాలుగు సాళ్లకు కొట్టి, పక్కన నాలుగు సాళ్లు వట్టి నీళ్లు కొట్టి వదిలేయండి. రెండు వారాల తర్వాత రెండింటిలో పూత, పిందె లెక్కపెట్టి, తేడా కనిపిస్తేనే మిగతా పొలానికి కొనండి.