పెనుకొండలో ఆంగ్లము: పుట్టపర్తి నారాయణాచార్యులవారి భాషాధ్యయనము

సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులవారిని గూర్చి వ్రాయువారెల్లరును వారి బహుభాషాపాండిత్యమును ముందుగా కీర్తింతురు. పదునాలుగు భాషలని లెక్కింతురు. ఆ లెక్కలో ఆంగ్లము ఒక సంఖ్యగా మాత్రమే మిగిలిపోవుచున్నది. సంస్కృతమార్గమున పెరిగిన వైష్ణవబాలునికి ఆ భాష ఎట్లబ్బెనను ప్రశ్న మన ప్రాచ్యకళాశాలలకు మిక్కిలి అక్కరకు వచ్చునది గనుక దానినే ఇచట ప్రధానముగా గ్రహించితిని.

ఆచార్యులవారు 1914 మార్చి 28న అనంతపురమునకు చేరువనున్న చియ్యేడు గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసాచార్యులవారు పండితులు. బాల్యము పెనుకొండలో గడచెను. 1565 నాటి యుద్ధానంతరము విజయనగరరాజులకు రాజధానియైన ఆ ఊరు నాడు అనంతపురము జిల్లాలోనిది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గొప్పయైన సీమ. చుట్టును కొండరాళ్లు, పడిపోయిన కోటగోడలు. ఆ శిథిలవైభవమును చూచియే వారు పసితనమున పెనుగొండలక్ష్మి అను కావ్యమును రచించిరి. అట్టి సీమలో సామాన్యునకు ఆంగ్లమనగా కచేరీ కాగితముల భాష.

ఆ దినములలో పెనుకొండ సబ్‌కలెక్టరుగా నుండిన పిట్ దొరవారి భార్య ఈ బాలుని ప్రతిభను గుర్తించి, షేక్‌స్పియరు మొదలగు ఆంగ్లకవుల కృతులను చదివించెను. వారి ఆంగ్లాధ్యయనమునకు ఇదియే మూలము. ఇచట గమనింపదగినది ఒకటి కలదు. పరీక్షకొరకు గాని కొలువుకొరకు గాని వారు ఆ భాషను ఆశ్రయింపలేదు, కావ్యముకొరకు ఆశ్రయించిరి. మన పాఠశాలలలోను క్రమమిదియే కదా! శబ్దమంజరి, అమరము నోటికి వచ్చినంతనే రఘువంశమును ముందుంచుదురు. ఎవడు, ఏమి చేసెను, దేనిని, ఎట్లు అని క్రియను పట్టుకొని ప్రశ్నించుచు ఖండాన్వయము చెప్పింతురు. కౌముది పిమ్మట వచ్చును. ఆ ప్రశ్నలకు అలవడిన బుద్ధికి ఎంత పొడవైన ఆంగ్లవాక్యమైనను క్రియ దొరకినచో విడిపోవును.

సంస్కృతము చదివినవానికి ఆంగ్లవ్యాకరణమున తొలి చిక్కు విభక్తులు లేకుండుటయే. రాముడు రావణుని చంపెనన్నను, రావణుని రాముడు చంపెనన్నను మనకు అర్థము మారదు. కర్తృకర్మలను ప్రత్యయములు కాపాడును. ఆంగ్లమున ఆ కాపుదల స్థానమునకు అప్పగింపబడినది. క్రియకు ముందున్నది కర్త, వెనుకనున్నది కర్మ. రామ కిల్డ్ రావణ అను వాక్యమున పేర్లు తారుమారైనచో రామాయణమే తారుమారగును. విభక్తిపని చేయు ప్రిపొజిషనులు నామమునకు ముందు వచ్చుట మరియొక వింత. ఎ, ది అను ఆర్టికలులకు సంస్కృతమున సాటి లేదు. తెలుగులోని ఒక అను మాట కొంతదూరము మాత్రము తోడువచ్చును.

కాని సంస్కృతము చేయు ఉపకారమును తక్కువగా నెంచరాదు. చదివినవాడు గెలుచును అనుట తెలుగునకు సహజము. యః పఠతి స జయతి అనుటకు అలవాటుపడినవానికి, ఆంగ్లములో హూ అను సర్వనామము ఒక వాక్యమును మరియొక వాక్యమునకు తగిలించుట ఏమాత్రము కొత్త కాదు. అట్లే కర్మణి ప్రయోగము. చంపబడెను అనుటకు తెలుగు నాలుక వెనుదీయును. రామేణ రావణో హతః అని నిత్యము చదువువాడు బై అను మాటను తృతీయగా వెంటనే పోల్చుకొనగలడు. తెలుగు మాత్రమే తెలిసిన విద్యార్థికంటె పాఠశాలావిద్యార్థికి ఈ రెండు చోట్ల దారి దగ్గర. ఇది మనవారే గుర్తింపక, తమకు ఆంగ్లము రాదని ముందుగనే తలవంచుచున్నారు. ఛందస్సు సంగతి వేరు. మన గణము అక్షరముయొక్క కాలమును కొలుచును. వారి పాదము ఊనికను కొలుచును. దీనికి చెవియే గురువు, పుస్తకము చాలదు. నారాయణాచార్యులవారికి ఆ భాష మాతృభాషగా గల వ్యక్తి నోట కావ్యమును విను భాగ్యము కలిగెను.

నా అనుభవము దీనికి విపర్యయము. నడివయసున ఆంగ్లము నేర్వబోయి ఒక వ్యాకరణగ్రంథమును సూత్రపాఠమువలె వల్లించితిని. పండ్రెండు కాలభేదములను తడబడక ఒప్పజెప్పగలిగితిని గాని పత్రికలో ఒక వార్తను చదివి తెలిసికొనజాలనైతిని. కావ్యము తెరవక కౌముదిని మాత్రము మోసినవాని గతియే నాకును పట్టెను.

ఆచార్యులవారు తరువాత తిరుపతి సంస్కృతకళాశాలలో కపిస్థలం కృష్ణమాచార్యులవంటి ఉద్దండులయొద్ద శాస్త్రములు చదివిరి. విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తాము రచించిన పెనుగొండలక్ష్మియే పాఠ్యగ్రంథమయ్యెను. దానిపై వచ్చిన ఒక్క ప్రశ్నకే ఉత్తరము వ్రాయుచు కాలమంతయు గడపి తప్పిరని చెప్పుకొందురు. ప్రొద్దుటూరు, కడప పట్టణములలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. తిరువనంతపురమున నిఘంటునిర్మాణమున పాల్గొనిరి. విశ్వనాథవారి ఏకవీరను మలయాళములోనికి అనువదించిరి. హృషీకేశమున స్వామి శివానందులు సరస్వతీపుత్ర బిరుదము నొసంగిరి. 1972లో పద్మశ్రీ లభించెను. 1990 సెప్టెంబరు 1న దివంగతులైరి.

పెనుకొండ బంగళాలో మొలకెత్తిన ఆంగ్లము చదువుటతో ఆగిపోలేదు. లీవ్స్ ఇన్ ద విండ్ అను కవితాసంపుటియు, ది హీరో అను నాటకమును వారు ఆ భాషలోనే రచించిరి. శివతాండవమును కంఠస్థముగా చదువు మన విద్యార్థులలో ఈ రెండింటి పేర్లు విన్నవారు అరుదు. ఆంగ్లవిభాగములవారికి అవి పండితుని రచనలు; మనకు అవి పరభాషారచనలు. గురులఘువులలో పండిన చెవి ఊనికల ఛందస్సును ఎట్లు నడపినదో పరిశీలింపవలెనన్న రెండు శాస్త్రములును తెలిసినవాడు కావలెను. అట్టి పరిశోధకుడు ప్రాచ్యకళాశాలలనుండియే రావలసియున్నాడు.