ఫ్లారెన్సు నైటింగేలు

వైద్యుడు రోగిని దినమునకు ఒకటి రెండు మారులు చూచి పోవును. తక్కిన వేళలందు రోగి చెంత నుండునది నర్సు. రోగి స్థితి ఎప్పుడు మారినది, ఆ మార్పు మేలునకా, కీడునకా అని ముందుగా గుర్తింపవలసినది ఆమెయే. ఈ సత్యమును లోకమునకు బోధించిన మహనీయురాలు ఫ్లారెన్సు నైటింగేలు.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున, సంపన్నమైన ఆంగ్ల కుటుంబమున జన్మించెను. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టిరి. తండ్రి స్వయముగా ఆమెకు పలు భాషలు, చరిత్ర నేర్పెను. గణితమనిన ఆమెకు మిక్కిలి మక్కువ. ఆ కాలమున రోగులకు పరిచర్య చేయుట గొప్ప ఇంటి స్త్రీలకు తగదని ఎంచెడివారు. తల్లియు, అక్కయు ఆమె కోరికను వ్యతిరేకించిరి. ఆమె పట్టు విడువక 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్తున శిక్షణ పొందెను. 1853లో లండనులోని ఒక స్త్రీల వైద్యశాలకు అధికారిణి అయ్యెను.

క్రిమియా యుద్ధము జరుగుచుండగా, 1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరెను. అచట గాయములకంటె కలరా, రక్తవిరేచనములు, విషజ్వరముల వలననే ఎక్కువమంది మరణించుచుండిరి. ఆమె శుభ్రమైన వస్త్రములను, మంచి ఆహారమును సమకూర్చెను. రాత్రులందు దీపము చేతబట్టి ఒక్కొక్క రోగిని పరికించెను. అయినను 1855 ఫిబ్రవరిలో చేరినవారిలో నూటికి సుమారు 42 మంది మరణించిరి. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘమువారు మురుగుకాలువలను బాగుచేసి, గోడలకు సున్నము వేయించి, గాలి వచ్చునట్లు చేసిరి. జూను నాటికి ఆ సంఖ్య నూటికి రెండుకు తగ్గెను.

యుద్ధకాలమున ఆమె ఆహారలోపమును, అధికశ్రమను ప్రధాన కారణములుగా ఎంచియుండెను. స్వదేశమునకు మరలిన పిదప అంకెలను పరిశీలింపగా మురుగు, చెడుగాలి ఎంత హాని చేసినవో తేటపడెను. ఆమె తన తొల్లిటి అభిప్రాయమును పట్టుకొని కూర్చుండలేదు. ఆ అంకెలను పటములుగా గీయించి, ఏలినవారి ఎదుట నిలిపి సంస్కరణములకై పోరాడెను.

1859లో ఆమె నర్సింగును గూర్చి రచించిన గ్రంథమున రోగిని పరిశీలించుటకు ఒక అధ్యాయమును కేటాయించెను. రోగికి బాగుగా నిద్ర పట్టినదా అని అడిగిన ప్రయోజనము లేదు. ఎన్ని గంటలు నిద్రించెను, ఏ వేళ మేలుకొనెను అని తెలిసికొనవలెను. అన్నము తినెనా అనుట చాలదు. ఎంత తినెనో చూడవలెను. పరిశీలన వింతలు పోగుచేయుటకు గాక ప్రాణము నిలుపుటకై యుండవలెనని ఆమె బోధ. 1860లో లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలలో ఆమె పేర నర్సుల పాఠశాల వెలసెను.

ఆమె భారతదేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇచటి సైనిక స్థావరములనుండి వచ్చిన వివరములను చదివి, మంచినీటికై, పారిశుద్ధ్యమునకై, గ్రామీణుల ఆరోగ్యమునకై అనేక సంవత్సరములు కృషి చేసెను.

ఆమె బోధ నల్లగొండ, మహబూబునగరము మెట్టపొలముల వంటి చోట్ల నేటికిని ఉపయోగపడును. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించు రైతును కరచెననుకొందము. కాటు గుర్తు కనబడకపోవచ్చును. రోగి తనకు బాగుగనే యున్నదని చెప్పవచ్చును. అంతటితో నర్సు తృప్తి పడరాదు. రెప్పలు వాలుచున్నవా, మాట ముద్దగుచున్నదా, మ్రింగుటకు కష్టమగుచున్నదా, నిమిషమునకు ఎన్నిమారులు ఊపిరి తీయుచున్నాడు అని మాటిమాటికి చూచి వ్రాసికొనవలెను. మార్పు కనబడిన వెంటనే వైద్యుని పిలువవలెను. ఊపిరి ఆగకముందే విషహరమైన మందు, శ్వాసయంత్రము అందినచో ఆ రైతు బ్రతుకును. ఆలస్యమైనచో ఒక కుటుంబము దిక్కులేనిదగును.

నైటింగేలు 1910 ఆగస్టు 13వ తేదీన తన తొంబది ఏండ్ల వయస్సున పరమపదించెను. ఆమె జన్మదినమును అంతర్జాతీయ నర్సుల దినముగా జరుపుకొందురు. దయగల హృదయమునకు మెలకువగల కన్ను తోడైననే రోగికి రక్షణ కలుగునని ఆమె జీవితము మనకు తెలుపుచున్నది.