టిక్కెట్ అడిగిన అమ్మాయి

ముద్దనూరులో మా వీధి రేషన్ షాపులో చక్కెర తూకం తగ్గిందని నేను గట్టిగా అడిగేసరికి, వెనక నిలబడ్డ పక్కింటి అక్క నా కొంగు పట్టి లాగింది. రేపు మళ్ళీ అతని దగ్గరికే కదా రావాలని ఆమె భయం. ఇంటికొచ్చాక నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొచ్చింది.

1909లో రాజమండ్రిలో పుట్టిందావిడ. చిన్న వయసులోనే ఆడపిల్లలకు హిందీ నేర్పే బడి పెట్టింది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన వాకిట్లో వాలంటీరుగా నిలబడింది. అప్పటికి 14 ఏళ్ళు! టిక్కెట్ లేనిదే ఎవర్నీ లోపలికి పంపకూడదని ఆమెకు అప్పగించిన పని. వచ్చినాయన జవహర్‌లాల్ నెహ్రూ. అయినా ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి కేకలేసినా జంకలేదు. వాళ్ళు టిక్కెట్ కొనిచ్చాకే దారి వదిలింది.

నెహ్రూని ఆపడం ఒక ఎత్తు. రోజూ మొహాలు చూసుకోవాల్సిన సొంత ఊరి పెద్దల ముందు నిలబడటం, నా లెక్కలో, ఇంకో ఎత్తు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళింది. చట్టమంటే ఏమిటో తెలియని ఆడఖైదీలను అక్కడ చూసి, బయటికొచ్చాక పట్టుదలగా చదివి 1942లో లా పట్టా పుచ్చుకుంది. ఈలోగా 1937లోనే మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేసింది. రాజ్యాంగ సభలో కూర్చుంది. చిత్రమేమిటంటే, ఆనాడు వాకిట్లో ఆగిన నెహ్రూయే ప్రధాని అయ్యాక ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నాడు. 1981లో కన్నుమూసింది.

ఈ సంగతంతా పక్కింటి అక్కకు చెప్పాను. ఊఁ కొట్టి ఊరుకుంది. మరుసటి నెల రేషన్‌కు వెళితే, నాకన్నా ముందే వచ్చి కాటా వైపే చూస్తూ నిలబడి ఉంది.