విరాళాలు కూడగట్టిన బాలిక దుర్గాబాయి
1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీలతోనూ ఘోషా స్త్రీలతోనూ ఆయనను మాట్లాడించాలని 12 ఏళ్లయినా నిండని దుర్గాబాయి సంకల్పించారు. 5,000 రూపాయల నిధి సమర్పిస్తేనే సమయమిస్తామన్నది నిర్వాహకుల షరతు. ఆ సొమ్మును దేవదాసీలే పోగుచేశారు. సభలో స్త్రీలు ఒంటిమీది నగలు సైతం ఒలిచి ఇవ్వగా విరాళం సుమారు 25,000కు చేరింది.

లెక్క విషయంలో ఆమెకు మొహమాటం లేదు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల నాటి ఖాదీ ప్రదర్శనలో, టిక్కెట్టు లేదని నెహ్రూనే ద్వారం వద్ద నిలిపివేశారు; టిక్కెట్టు కొన్నాకే లోనికి పంపారు.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. విరాళాలు అర్థించిన చేతికే స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు పంచే బాధ్యత దక్కింది. పల్లె పిల్లలకు బాలవాడీలు ఆ మండలి పథకాల ద్వారా కూడా అందాయి. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.