ముసవ్విర్ జంగ్ రాజా దీన్‌దయాళ్

సరదాకు ఫోటోలు తీయడం మొదలుపెట్టినవారు వేలకొద్దీ ఉంటారు. తాము తీసిన బొమ్మ ఎవరికి అవసరమో గ్రహించి, దానిని వారి ముంగిటికి చేర్చగలిగినవారు మాత్రం బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో అగ్రగణ్యుడు రాజా దీన్‌దయాళ్. హైదరాబాదు చరిత్ర చదివినవారికి ఆయన పేరు సుపరిచితమే. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ చిత్రాల కింద, ఫలక్‌నుమా సౌధపు చిత్రాల కింద ఆ పేరు నేటికీ కనిపిస్తూ ఉంటుంది. అయితే ముప్పయ్యేళ్ళ ప్రాయంలో ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో నక్షాలు గీసుకొనే ఉద్యోగి అన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మాకు ఆయన జీవితంలో ఆసక్తికరంగా తోచేది ఆ భాగమే.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనా పట్టణంలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్యనభ్యసించి, 1866లో ఇందూరు, అనగా నేటి ఇండోర్ నగరంలో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. కట్టడాల అంచనాలు వేయడం, నక్షాలు తయారుచేయడం ఆయన పని. ఆ శిక్షణ వృథా పోలేదు. ఆయన తీసిన కోటలను, గోపురాలను పరిశీలించినవారికి గోడలు తూకపుగుండు వేసినట్లు నిటారుగా నిలబడటం కనిపిస్తుంది. అది ఇంజనీరు కన్ను.

1874 ప్రాంతంలో ఆయన ఫోటోగ్రఫీ వ్యాసంగంలోకి దిగారు. ఆనాటి ఫోటోగ్రఫీ ఈనాడు మనం ఫోను ఎత్తి వేలితో తాకినంత సులువైనది కాదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణాన్ని సమంగా పోయాలి. దానిని చీకటి గుడారంలో వెండి లవణపు నీటిలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో అమర్చి బొమ్మ తీయాలి. తడి ఆరకముందే మరల గుడారంలోకి పోయి కడగాలి. అనగా ప్రయోగశాలను వెంట మోసుకొని తిరగవలసిందే. మన గుంటూరు మండుటెండలు ఎరిగినవారికి, అటువంటి ఎండలో పలక ఆరకుండా కాపాడుకోవడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ తరువాత ఆ పలకనుండి కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితంపై సూర్యరశ్మిలో ప్రతులు తీయాలి. 1880 తరువాత, ముందే తయారుచేసిన ఎండు పలకలు వాడుకలోకి వచ్చి ఈ శ్రమ కొంత తగ్గింది.

ఇంత వ్యయప్రయాసలకు ఓర్చి తీసిన బొమ్మలు ఎవరు చూడాలి? ఇంట్లో పెట్టెలో దాచుకోవడానికైతే ఆ కష్టం నిలిచేది కాదు. ఇందూరు ప్రభువు తుకోజీరావు హోల్కరు, గవర్నర్ జనరల్ ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనకు తొలి ఆదరణ నిచ్చారు. వారి ప్రోత్సాహం వల్లనే 1875-76లో భారతదేశానికి వచ్చిన వేల్స్ యువరాజును చిత్రించే అవకాశం లభించింది. ఇంతవరకు అది గొప్పవారి ప్రాపకం మాత్రమే. అసలు మలుపు 1882లో వచ్చింది. డేలీ తరువాత ఆ పదవిలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట ఆయన బుందేల్‌ఖండ్ పర్యటించి కోటలను, దేవాలయాలను చిత్రించారు. మధ్యభారతంలోని ప్రసిద్ధ కట్టడాలపై గ్రిఫిన్ 1886లో ప్రచురించిన గ్రంథంలోని చిత్రాలు దీన్‌దయాళ్‌వే. శిథిలమవుతున్న కట్టడాలకు ఆనవాళ్ళు కావలసినవారు లోకంలో ఉన్నారనీ, తన కెమెరాకు అది తగిన పని అనీ ఆయనకు స్థిరపడింది.

అటువంటి ఆనవాళ్ళు ఎంతటి విలువైనవో మన జిల్లావారికి తెలియనిది కాదు. అమరావతి స్తూపపు శిల్పాలను 1840వ దశకంలో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసుకు తరలించారు. అక్కడ ఎండకు వానకు గురైన ఆ ఫలకాలను 1858లో లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి చిత్రించాడు. 1859లో వాటిలో అధికభాగం ఓడలెక్కి లండను చేరింది. కృష్ణ ఒడ్డున పుట్టిన ఆ శిల్పాలు సముద్రం దాటకముందు ఎలా ఉండేవో ట్రైప్ తీసిన చిత్రాలు చూపగలవు.

దీన్‌దయాళ్ తొందరపడి ఉద్యోగాన్ని వదలలేదని ఇక్కడ గమనించాలి. 1885లో వైస్రాయి డఫరిన్ ప్రభువు ఆయనను తమ ఫోటోగ్రాఫరుగా నియమించినా, 1886లో సికిందరాబాదులో స్టూడియో తెరచినా, సర్కారు కొలువుకు స్వస్తి చెప్పినది 1887లోనే. సరదా ఆరంభమైన పదమూడేళ్ళకు! కెమెరా కొన్న మర్నాడే చదువు మానేద్దామనుకొనే మిత్రులు ఈ అంకెను కొంచెం చూడవలెనని మా మనవి.

సికిందరాబాదు ఆయనకు కర్మభూమి అయింది. మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా గౌరవించి, రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అనే బిరుదు ప్రసాదించారు. ఉర్దూ చదివే మన సోదరులకు ఆ మాట అర్థం చెప్పనక్కరలేదు. తెలుగు మిత్రుల కోసం చెబుతున్నాము: ముసవ్విర్ అంటే చిత్రకారుడు, రూపకల్పన చేసేవాడు. జంగ్ అంటే యుద్ధం. ఏనాడూ కత్తి దూయని మనిషికి యోధుల బిరుదు దక్కిందన్నమాట. ఉత్తరాదినుండి వచ్చిన ఒక జైనుడు, ముస్లిం ప్రభువు కొలువులో, తెలుగువారూ ఉర్దూవారూ కలిసి బ్రతికే నగరంలో ఇంతటి మన్నన పొందడం మన కళాశాలవంటి చోట తలచుకోదగిన విషయం. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు బహుమతి లభించింది. 1896లో బొంబాయిలో మరొక స్టూడియో వెలసింది. 1897లో విక్టోరియా మహారాణి ఆయనను తమ ఫోటోగ్రాఫరుగా నియమించింది.

ఈ బిరుదు పత్రాలన్నిటికంటె మమ్ము ఆకర్షించినది 1892లో హైదరాబాదులో ఆయన నెలకొల్పిన జనానా స్టూడియో. పరదా పాటించే స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చొని ఫోటో తీయించుకోరు. వారు తమ రూపాన్ని కాగితం మీద చూసుకోవాలని కోరుకోరనే అందరూ అనుకొని ఉంటారు. దీన్‌దయాళ్ అలా అనుకోలేదు. ఎత్తయిన గోడల చాటున వేరుగా ఒక ఆవరణ ఏర్పరచి, దాని నిర్వహణను శ్రీమతి కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించారు. తీసేదీ స్త్రీయే, తీయించుకొనేదీ స్త్రీయే. ఆచారాన్ని ధిక్కరించలేదు, దానికి భయపడి ఆగిపోనూ లేదు. చూసేవారు లేరనుకొన్న చోట చూసేవారిని కనిపెట్టడమంటే ఇదేనని మేము భావిస్తున్నాము.

అయితే ఆయన వృత్తి జీవితానికి మరొక పార్శ్వమున్నది. దానిని దాచి పొగడటం మాకు సమ్మతం కాదు. డబ్బిచ్చి బొమ్మ తీయించుకొనేవాడే ఏ బొమ్మ తీయాలో నిర్ణయిస్తాడు. దర్బారులు, పులివేటలు, విందుబల్లలు, సేనల కవాతులు దీన్‌దయాళ్ పలకలలో విస్తారంగా ఉన్నాయి. అరక దున్నే రైతు ఏడి? 1900 ప్రాంతంలో ఔరంగాబాదు వైపు జరిగిన కరువు సహాయక పనులను ఆయన స్టూడియో చిత్రించిన మాట నిజమే. ఎముకల గూళ్ళవంటి మనుషులు అందులో కనిపిస్తారు. కాని అక్కడ కూడా చూపదలచినది ప్రధానంగా ప్రభుత్వం చేసిన సహాయమే. కరువుకు చిక్కినవారు ఆ బొమ్మలను అడిగినవారు కారు, ఒక ప్రతి అందుకొన్నవారూ కాకపోవచ్చు.

మన ప్రాంతానికి వస్తే, మాఘ ఫాల్గుణాలలో మిరపచేలో వంగి కాయలు కోసే ఆడవారు, కళ్ళాలలో ఎర్రగా పరచుకొన్న పంట, నోటికి గుడ్డ కట్టుకొని యార్డులో టిక్కీలు మోసే హమాలీలు, వేళ్ళు గీసుకొంటూ పత్తి తీసే పిల్లలు, చీరాల మగ్గాలు ఉన్నాయి. నేడు ప్రతి విద్యార్థి చేతిలోనూ కెమెరా ఉంది. తీసిన బొమ్మలు స్నేహితులకు చేరి, సాయంత్రానికి మరుగున పడిపోతున్నాయి. కోత కోసిన ఆమె చేతికి అచ్చు వేసిన ఒక ప్రతి ఇచ్చివచ్చినవారు మనలో ఎందరు? సంచిక సంచికకూ మనం తప్పక ముద్రించేది కార్యవర్గపు గ్రూపు ఫోటో. పెద్దలు కుర్చీలలో, పిన్నలు వెనుక నిలబడి, చేతులు మోకాళ్ళపై. దీన్‌దయాళ్ దర్బారు చిత్రాలకూ దీనికీ కూర్పులో పెద్ద తేడా లేదని పెద్దలు మన్నించి ఒప్పుకోవాలి!

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. 1905లో దీన్‌దయాళ్ కన్నుమూశారు. మరొక కుమారుడు జ్ఞాన్‌చంద్ స్టూడియోను కొనసాగించాడు. 1908లో మూసీ నది పొంగి హైదరాబాదును ముంచెత్తినప్పుడు, కూలిన ఇళ్ళను, తెగిన వంతెనలను చిత్రించినది ఆ సంస్థే. ఆ బొమ్మలను కోరి చూసినవాడు ఒక ప్రభువు కాదు, నగరమంతా.

1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన గాజు పలకలను 2,857 సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ళ విడుదల చేసింది. ఆ బొమ్మలలో కుర్చీలో కూర్చున్న నవాబు పేరు, పక్కనున్న దొర పేరు, ఒక్కొక్కచోట గుర్రం పేరు కూడా మనకు తెలుస్తాయి. వెనుక గొడుగు పట్టుకొని, కెమెరా కేసి కన్నార్పకుండా చూస్తున్న మనిషి ఎవరో మాత్రం ఎవరూ వ్రాసిపెట్టలేదు.