పుదూరు బిడ్డ, రాజ్యాంగ నిర్మాత: అల్లాడి కృష్ణస్వామి అయ్యర్

పుదూరు అనే పేరుగల గ్రామాలు తెలుగు, తమిళ సీమలలో అనేకం. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతంలోని మన పుదూరు ఒకటి. నెల్లూరు జిల్లా పుదూరు మరొకటి. ఆ నెల్లూరు పుదూరులో పుట్టిన పురోహితుని కుమారుడొకరు భారత రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్నారు. ఆయనే అల్లాడి కృష్ణస్వామి అయ్యర్.

ఆయన 1883 మే 14న ఏకామ్రశాస్త్రిగారి ఇంట జన్మించారు. అప్పుడు నెల్లూరూ మన ప్రాంతమూ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. 1899లో మెట్రిక్యులేషన్ ముగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చరిత్ర చదివారు. పిమ్మట న్యాయశాస్త్ర పట్టా పొంది, మద్రాసు న్యాయవాదులలో అగ్రగణ్యులయ్యారు. 1929 నుండి 1944 వరకు మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా పనిచేశారు. 1932లో సర్ బిరుదు లభించింది.

స్వాతంత్ర్యం వచ్చిన రెండు వారాలకు, 1947 ఆగస్టు 29న, రాజ్యాంగ పరిషత్తు ఏడుగురు సభ్యులతో ముసాయిదా సంఘాన్ని నియమించింది. డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షులు, అల్లాడి సభ్యులు. తనకంటె సమర్థులైన వారు ఈ సంఘంలో ఉన్నారని చెబుతూ అంబేద్కర్ పరిషత్తులో అల్లాడి పేరునే ఉదహరించారు. అంతకుముందే ప్రాథమిక హక్కుల ఉపసంఘంలోనూ అల్లాడి పనిచేశారు. తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొనే హక్కు ప్రతి జనవర్గానికీ ఉన్నదని చెప్పే 29వ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకులు సొంత విద్యాసంస్థలు స్థాపించుకోవచ్చునని చెప్పే 30వ అధికరణం ఆ ప్రాథమిక హక్కులలోనివే.

బ్రిటిషు కాలంలో ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే ఓటు. నిరక్షరాస్యులు అధికంగా ఉన్న దేశంలో వయోజనులందరికీ ఓటు ఇవ్వడం సామాన్యుని మీద నమ్మకానికి నిదర్శనమని అల్లాడి పరిషత్తులో సమర్థించారు. 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లతో రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదం పొంది, 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది.

తాము రాసిన రాజ్యాంగం ఏడాదిన్నరలోపే మారడం ఆయన చూశారు. మద్రాసు ప్రభుత్వపు కమ్యూనల్ జీవో ప్రకారం కళాశాలలలోని ప్రతి 14 సీట్లనూ కులమతాల వారీగా పంచేవారు. దానిపై 1950లో మద్రాసు హైకోర్టులో దాఖలైన వ్యాజ్యంలో ఒక అభ్యర్థి పక్షాన అల్లాడి స్వయంగా వాదించారు. హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. అయితే వెనుకబడిన వర్గాల చదువుకు దారి మూసుకుపోతుందన్న ఆందోళన మద్రాసు రాష్ట్రమంతటా చెలరేగింది. ఆ ఏడాది జూన్‌లో పార్లమెంటు మొదటి సవరణ చేసి, 15వ అధికరణంలో 4వ ఖండం చేర్చింది. నిర్మాతలలో ఒకరు న్యాయస్థానంలో గెలిచారు. ప్రజల అవసరం పార్లమెంటులో గెలిచింది. అట్లు మారగల వీలును రాజ్యాంగ నిర్మాతలే 368వ అధికరణంలో ఉంచారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించి, నెల్లూరు అందులో చేరింది. రెండు రోజులకే, అక్టోబరు 3న, అల్లాడి కన్నుమూశారు. ఆయన పుట్టిన పుదూరు ఒక రాష్ట్రంలోను, మన పుదూరు మరొక రాష్ట్రంలోను మిగిలాయి.

భాషల వారీగా గీతలు గీసినప్పుడు గీతకు ఈవల మిగిలినవారి సంగతేమిటి? 1956లో ఏడవ సవరణ ఇందుకు సమాధానంగా 350-ఏ అధికరణం తెచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేందుకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది చెబుతుంది. అదే సవరణ 350-బీ ద్వారా భాషాపరమైన అల్పసంఖ్యాకులకు ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళాన్ని బడులలో తప్పనిసరి పాఠ్యాంశంగా చేసిన పిమ్మట ఈ అధికరణాల విలువ మన ఇళ్లకు మరింత తెలిసివచ్చింది.

2023 నాటికి రాజ్యాంగానికి 106 సవరణలు జరిగాయి. వాటిలో ఏడవది మన ఇంటి భాషకు సంబంధించినది. తమిళం నేర్చుకోవడం మనకు అవసరం, గౌరవం. తెలుగు చదవడం మన బిడ్డల హక్కు. అయితే రాజ్యాంగం ప్రయత్నించమని మాత్రమే చెప్పిన చోట, అడిగేవారు లేకుంటే ప్రయత్నమూ జరగదు. బడిలో పేరు రాయించేనాడు బిడ్డ మాతృభాష తెలుగు అని నమోదు చేయించడం ఆ అడగడంలో మొదటి మెట్టు.